సైలెన్సర్‌కు కార్బన్ ఫైబర్ కవర్: ఏ రెసిన్, ఏ అచ్చు, ఏ పద్ధతి?

మోటారు సైకిల్ వెనక సీటు మీద తిరిగినవారిలో పిక్క మీద సైలెన్సర్ చురక మచ్చ లేనివారిని వెతుక్కోవలసిందే. ఆ చురక తగలకుండా కంపెనీ బిగించి ఇచ్చిన రేకు కవర్ తుప్పు పట్టినప్పుడో, బండి పడి సొట్ట పోయినప్పుడో, దాని స్థానంలో కార్బన్ ఫైబర్ కవర్, అంటే కార్బన్ పోగులతో నేసిన గుడ్డకు రెసిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి అచ్చు మీద తీసే కవర్, సొంతంగా చేసుకుందామన్న ఆలోచన వస్తుంది. అలా వచ్చినవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న ఏ గుడ్డ కొనాలన్నది. నా దృష్టిలో అది చివర తేల్చుకోవలసిన ప్రశ్న. కవర్ పెట్టబోయే చోట వేడి ఎంత, ఆ వేడికి ఏ రెసిన్ ఆగుతుంది, లోహానికీ కవర్‌కూ మధ్య ఎంత ఖాళీ వదలగలం అన్న మూడు విషయాలు తేలితే, మిగిలినవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఈ క్రమం నాకు చెడిపోయిన పనివల్లనే తెలిసింది. నా మొదటి కవర్‌ను ఎపాక్సీ అనే రెసిన్‌లో మామూలు రకంతో, 3 మిల్లీమీటర్ల ఖాళీ మాత్రమే వదిలి చేశాను. మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బయలుదేరి, సూర్యాపేటలో టీకి ఆగేవరకు అది చెక్కుచెదరలేదు. టీ తాగి వచ్చి చేయి వేస్తే, కవర్ వెనక అంచు కాస్త కిందికి వంగి ఉంది. బొటనవేలి గోరు ఆనిస్తే గీత పడింది. బండి పరుగెత్తుతున్నంతసేపూ గాలి కవర్‌ను చల్లబరచింది. బండి ఆగగానే గాలి ఆగింది, సైలెన్సర్‌లో నిలవున్న వేడి మొత్తం పైకి తన్నింది. కాబట్టి వేడిని పరుగులో కాక, గట్టిగా నడిపి ఆపిన తరువాతి ఐదు పది నిమిషాలలో కొలవాలి. ట్రాఫిక్‌లో ఇంజన్ ఆపకుండా నిలబడే అలవాటు ఉన్నవారు ఆ స్థితిలోనూ ఒకసారి కొలవడం మంచిది.

కొలిచే పద్ధతిలోనూ ఒక మోసం ఉంది. తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ క్రోమ్ మీద, మెరిసే స్టీల్ మీద అసలు వేడికంటే చాలా తక్కువ అంకె చూపిస్తుంది. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా వదిలేది తక్కువ, పక్కవాటి కిరణాలను అద్దంలా తిప్పికొట్టేది ఎక్కువ. అందువల్ల కొలవదలచిన చోట రూపాయి బిళ్లంత మేర, వేడికి ఆగే మెరుపులేని నల్ల రంగు పూసి ఆ మచ్చ మీదనే గురిపెట్టాలి. అంతకంటే నమ్మకమైనది మల్టీమీటర్‌కు తగిలించుకునే కె-రకం థర్మోకపుల్, అంటే కొన తాకిన చోటి వేడిని కొలిచే తీగల జత. దాని కొనను సన్నని స్టీల్ తీగతో గొట్టానికి బిగించి కట్టి చదవవచ్చు. సిలిండర్ హెడ్ నుంచి దిగే బెండ్ పైపు గట్టిగా నడిపినప్పుడు 300 డిగ్రీలు దాటడం మామూలే. సైలెన్సర్ డబ్బా పై తొడుగు చాలా బండ్లలో 100 నుంచి 200 డిగ్రీల మధ్య తిరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో, పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న భాగం దాని పక్కభాగాలకంటే వేడిగా ఉంటుంది కనుక, అది ఎక్కడుందో తెలుసుకుని ఆ చోటును విడిగా కొలవాలి.

ఒక నిర్ణయం ఇక్కడే తీసుకోవచ్చు. కవర్ బెండ్ పైపు మీదికైతే కార్బన్ ఫైబర్ ఆలోచన మానుకుని, స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుతో చేయించుకోవడమే సరైనది. ఆ చోట ఇంట్లో వాడదగిన రెసిన్ ఏదీ నమ్మకంగా నిలవదు. ఈ వ్యాసంలో ఇక చెప్పేదంతా సైలెన్సర్ డబ్బా మీది కవర్ గురించి.

రెసిన్: అసలు ఎంపిక ఇదే

కార్బన్ పోగు వేడికి ఆగుతుందన్న మాట నిజమే. గాలిలో 400 డిగ్రీలు దాటాక గాని అది నెమ్మదిగా ఆక్సీకరణకు లోనుకాదు. కానీ పోగులను పట్టి ఉంచేది రెసిన్, అది మెత్తబడితే పోగు ఎంత గట్టిదైనా కవర్ మెత్తబడినట్టే. గాజు గుడ్డ వాడినా, బసాల్ట్ గుడ్డ వాడినా ఇదే లెక్క. గుడ్డ మారిస్తే వేడిని ఓర్చే శక్తి పెరుగుతుందనుకోవడం పొరపాటు. రెసిన్ డేటా షీట్‌లో టీజీ అని ఒక అంకె ఉంటుంది, అది ఆ రెసిన్ గాజులాంటి గట్టితనం విడిచి రబ్బరులా మారడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత. కవర్ లోపలి ముఖానికి తగిలే అత్యధిక వేడికంటే ఈ అంకె కనీసం 30 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది నేను పాటించే కొలత. అది తెలియని రెసిన్‌ను, డబ్బా మీద ఎంత గొప్ప మాటలున్నా, ఈ పనికి కొనను.

ఫైబర్ పనివాళ్ల దగ్గర సులభంగా దొరికేది పాలిస్టర్ రెసిన్. ధర తక్కువ, గంటలో గట్టిపడుతుంది, కానీ సాధారణ రకాలు 60 నుంచి 80 డిగ్రీల దగ్గరే నీరసపడతాయి, పైగా కార్బన్ పోగుతో వాటి పట్టు కూడా బలహీనం. అచ్చు తయారీకి అది చక్కగా సరిపోతుంది, కవర్‌కు పనికిరాదు. దానితో పనిచేసేవారు ఒక జాగ్రత్త మరవకూడదు: గట్టిపరిచే ఎంఈకేపీని, వేగం పెంచే కోబాల్ట్‌ను నేరుగా కలపరాదు, కలిస్తే భగ్గుమంటాయి. ముందు ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే రెండవది వేయాలి. వినైల్ ఎస్టర్ దీనికంటే ఒక మెట్టు పైన ఉంటుంది, నోవొలాక్ రకం అయితే దాదాపు 150 డిగ్రీల వరకు వెళుతుంది, కాని దాని ఘాటు వాసన అపార్టుమెంటు బాల్కనీలో భరించదగినది కాదు.

మిగిలింది ఎపాక్సీ. గది వేడికి గట్టిపడి అలాగే వదిలేసిన మామూలు ఎపాక్సీ టీజీ 50 నుంచి 70 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. సూర్యాపేటలో నాకు జరిగింది ఇదే. అయితే ఎపాక్సీ గుణాన్ని సగం నిర్ణయించేది దానిలో కలిపే హార్డ్‌నర్, అంటే దాన్ని గట్టిపరిచే ద్రవం. మన ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టులలో బాగా పరిచయమైన ఎల్‌వై 556 రెసిన్‌ను చూడండి. హెచ్‌వై 951 హార్డ్‌నర్‌ను బరువులో 100కి 10 పాళ్లు కలిపితే ఓవెన్ అవసరం లేకుండా గది వేడికే గట్టిపడుతుంది, సౌకర్యం అక్కడ ఉంది, వేడిని ఓర్చే శక్తి అక్కడ లేదు. అదే రెసిన్‌కు అన్‌హైడ్రైడ్ రకమైన 917 హార్డ్‌నర్, వేగం పెంచే 070 యాక్సిలరేటర్ కొద్దిగా కలిపి, ముందు 80 డిగ్రీల వద్ద, తరువాత 140 డిగ్రీల వద్ద గంటల తరబడి ఓవెన్‌లో కాలిస్తే, అంటే ఆ వేడిలో ఉంచితే, టీజీ సుమారు 150 డిగ్రీలకు చేరుతుంది. డబ్బా ఒకటే, తోడు మారింది, పని రెట్టింపయింది.

ఈ రెండింటికీ మధ్యన, గది వేడికే అచ్చులో గట్టిపడి, బయటికి తీశాక మెట్లుమెట్లుగా వేడి చేస్తే టీజీ 120 నుంచి 180 డిగ్రీల వరకు పెరిగే హై టెంపరేచర్ ఎపాక్సీలు ఉన్నాయి. సొంతంగా చేసుకునేవారికి నేను సిఫారసు చేసేది వీటినే. ఫినాలిక్, సైయనేట్ ఎస్టర్, బిస్మలైమైడ్ వంటివి ఇంకా పైకి వెళతాయి, కాని వాటికి కావలసిన ఓవెన్, ఒత్తిడి, ఓపిక విమాన భాగాల కర్మాగారాలకు తగినవి. ఒక్క కవర్ కోసం అంత దూరం వెళ్లడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఖాళీ ఎంత వదలాలి, అసలు కార్బన్ అవసరమా

ఎంత మంచి రెసిన్ అయినా లోహాన్ని తాకుతూ ఉండకూడదు. 3 మిల్లీమీటర్ల ఖాళీ చాలదని నా మొదటి కవర్ చెప్పింది. 8 నుంచి 10 మిల్లీమీటర్లు వదిలి, ముందూ వెనకా తెరిచి ఉంచితే, పరుగులో గాలి దూరి వెళుతుంది, ఆగినప్పుడు వేడి గాలి పైకి లేచి బయటపడుతుంది. గాలి ఆగినప్పుడు వేడి ఎక్కువగా కిరణాల రూపంలోనే వస్తుంది కనుక, కవర్ లోపలి ముఖానికి గాజు గుడ్డ మీద అల్యూమినియం పూత ఉన్న రిఫ్లెక్టివ్ షీట్ అంటించడం ఖర్చుకు మించిన ఫలితం ఇస్తుంది. నేరుగా అల్యూమినియం రేకును కార్బన్ మీద అంటించడం మాత్రం వద్దు. కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, వాన నీరు మధ్యలో చేరితే బ్యాటరీలాంటి చర్య మొదలై అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. మధ్యలో గాజు గుడ్డ ఉంటే ఆ బెడద లేదు.

బరువు తగ్గించడం కోసమే కార్బన్ అనుకునేవారికి ఒక చిన్న లెక్క. 30 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కవర్‌కు 200 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే, గుడ్డ మూడు పొరలు వేస్తే గుడ్డ బరువు 22 గ్రాములలోపు, అంతే బరువు రెసిన్ కలిపితే మొత్తం 45 గ్రాములు మించదు. అదే కొలతలో ఒక మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ రేకు దాదాపు 290 గ్రాములు, 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం 120 గ్రాములకు కొంచెం తక్కువ. తేడా పావు కిలో లోపే. ట్యాంకులో పోసే ఒక లీటరు పెట్రోలు అంతకు మూడు రెట్లు తూగుతుంది. పందెం బండి కాకపోతే ఇది కారణం కాదు.

అసలు లాభం మరొకచోట ఉంది. రెసిన్‌తో అతికి గట్టిపడిన కార్బన్ పొరల పలక తన మందం గుండా వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది, అందువల్ల అదే వేడి మీదున్నా స్టీల్ కంటే, మరీ ముఖ్యంగా అల్యూమినియం కంటే, చర్మానికి ఆలస్యంగా చురుక్కుమంటుంది. కాలు వెనక్కి తీసుకునేందుకు ఆ క్షణం చాలు. తుప్పు లేదు, ఇంజన్ వణుకుకు రేకులా గలగలలాడదు. నేత అందం ఎలాగూ ఉంది. ఇవేవీ అవసరం లేనివారికి, ముఖ్యంగా బండిని తరచు రాళ్ల దారుల్లో పడేసేవారికి, స్టెయిన్‌లెస్ రేకు ఉత్తమమని నిస్సంకోచంగా చెబుతాను. స్టీల్ వంగుతుంది, సుత్తితో సరిచేయవచ్చు. కార్బన్ పగిలితే అంచులు సూదుల్లా తేలతాయి.

అచ్చు: నేరుగా వేయడమా, ఆడ అచ్చు తీయడమా

అతి సులువైన దారి, బండి నుంచి విప్పిన సైలెన్సర్ మీదనే కావలసిన ఖాళీ మందానికి ఫోమ్ షీట్ చుట్టి, దాని మీద నున్నగా ప్యాకింగ్ టేప్ అంటించి, పైన గుడ్డ పరచడం. ఒక్క కవర్ చాలనుకునేవారికి, సైలెన్సర్ ఆకారం గొట్టంలా సాదాగా ఉన్నవారికి ఇది చాలు. ఇందులో నున్నటి ముఖం లోపలికి, గరుకు ముఖం బయటికి వస్తుంది. బయటి ముఖాన్ని మళ్లీ రెసిన్ పూసి, నీటి కాగితంతో రుద్ది, మళ్లీ పూసి నిగ్గు తేల్చాలి. ఆ రుద్దుడులో పై పొర పోగులు తెగితే నేత మీద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, వాటికి మందు లేదు. కవర్ చుట్టును సగానికంటే తక్కువ, అంటే 150 డిగ్రీల వంపు లోపల ఉంచుకుంటే తేలికగా ఊడివస్తుంది. అంతకు మించి చుట్టితే కొరకరాని కొయ్యే.

రెండవ దారి, ముందు నమూనా చేసి, దాని మీద గాజు గుడ్డ, పాలిస్టర్ రెసిన్‌తో ఆడ అచ్చు, అంటే నమూనా ఆకారంలో గుంట ఉన్న అచ్చు, తీసి, అందులో కవర్ వేయడం. రెండు మూడు రోజుల పని పెరుగుతుంది, కాని అచ్చు ఎంత నున్నగా ఉంటే కవర్ బయటి ముఖం అంత నున్నగా వస్తుంది. మైనం ఐదారు పూతలు పూసి, ప్రతి పూతనూ ఆరనిచ్చి తుడవడంలో తొందర పడితే మాత్రం కవర్, అచ్చు ఒకటైపోతాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు ఒకే మోడల్ బండి ఉంటే, లేదా 650 సీసీ ఇంటర్‌సెప్టర్ వంటి రెండు సైలెన్సర్ల బండి అయితే, ఈ దారే నయం. అయితే కుడి ఎడమలకు ఒకే అచ్చు సరిపోతుందా, అద్దంలో బొమ్మలా రెండు కావాలా అన్నది ముందే చూసుకోవాలి.

నమూనాకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చవక. వినాయక విగ్రహాల కోసం ధూల్‌పేటలో బస్తాలకొద్దీ వాడేది ఇదే. పూర్తిగా ఎండకముందే పైన రెసిన్ పడితే లోపలి తేమ వల్ల ఉపరితలం పాడవుతుంది కనుక, ఎండబెట్టి, లక్క లేదా వార్నిష్‌తో రంధ్రాలు మూసి వాడాలి. త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉన్నవారు నేరుగా అచ్చునే ముద్రించుకోవచ్చు, కాని ఆ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి దానిలో ఉంచి కవర్‌ను కాల్చరాదు.

పద్ధతి: చేత్తో పూయడమా, వాక్యూమ్ సంచా

ఉన్న ప్లాస్టిక్ లేదా అల్యూమినియం కవర్ మీదనే ఒక పొర కార్బన్ అంటించి మెరుగు పెట్టడాన్ని స్కిన్నింగ్ అంటారు. ట్యాంకు ప్యానెళ్లకు బాగుంటుంది, సైలెన్సర్‌కు వద్దు. వేడికి అల్యూమినియం సాగుతుంది, కార్బన్ దాదాపు సాగదు. ఆ పేచీలో కొన్నాళ్లకు పొర లేచిపోతుంది.

చేత్తో పూసే పద్ధతిలో గుడ్డ బరువు, రెసిన్ బరువు సమానంగా వస్తే పని బాగా జరిగినట్టు. తెలియని చేయి రెసిన్‌ను ఎక్కువ పోస్తుంది, గాలి బుడగలను లోపలే వదిలేస్తుంది. కవర్ వేడెక్కినప్పుడు ఆ బుడగల చోట పొక్కులు లేవవచ్చు. వాక్యూమ్ సంచి ఈ రెండు లోపాలనూ చాలావరకు సరిదిద్దుతుంది. గుడ్డ మీద పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచి తీసేసే నైలాన్ గుడ్డ), రంధ్రాల ఫిల్మ్, పైన మిగులు రెసిన్‌ను పీల్చుకునే మెత్తటి బ్రీదర్ గుడ్డ వేసి, ప్లాస్టిక్ సంచిలో మూసి గాలి లాగేస్తే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు పెట్టినట్టవుతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఈ పని జరుగుతుంది. నా దగ్గర ఉన్నది అదే. గంటల తరబడి నడిస్తే అది వేడెక్కి ఆయిల్ కక్కుతుంది, కనుక సంచికీ దానికీ మధ్య ఒక సీసా, ఒక వాల్వ్ పెట్టుకుని, లీకు లేదని తేలాక ఆపి ఆపి నడపాలి.

పొడి గుడ్డలోకి వాక్యూమ్‌తో రెసిన్ లాగే ఇన్‌ఫ్యూజన్ పెద్ద భాగాలకు అందమైన పద్ధతి. అరచేతులు రెండు కలిపినంత కవర్‌కు మాత్రం గొట్టాలలో మిగిలిపోయే రెసిన్ కవర్‌లోకి వెళ్లేదానికంటే ఎక్కువ. పైగా వేడికి ఆగే రెసిన్లలో చాలా వాటిని వెచ్చబెడితే గాని గుడ్డలోకి సులువుగా పారవు. రెసిన్ ముందే పట్టించి వచ్చే ప్రీప్రెగ్‌తో ఫలితం అన్నిటికంటే గొప్పగా ఉంటుంది, కాని దాన్ని మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచాలి, 120 డిగ్రీలకు పైన కాల్చాలి, ఆ వేడికి ఆగే అచ్చు కావాలి. ఇంట్లో ఫ్రీజర్ మీద అధికారం ఎవరిదో వారి అనుమతి సంపాదించడం కూడా ఈ ఖర్చులో కలుపుకోవాలి. మొదటిసారి చేసేవారికి నా సలహా వాక్యూమ్ సంచి. కంప్రెసర్ దొరకకపోతే చేత్తోనే పూసి, పైన పీల్ ప్లై పరిచి రోలర్‌తో మిగులు రెసిన్ పిండేయండి.

గుడ్డ సంగతి ఇప్పుడు. పడుగు, పేక ఒకటి విడిచి ఒకటి అల్లుకునే సాదా నేత వంపుల మీద ముడతలు పడుతుంది. జీన్స్ గుడ్డలా ఏటవాలు గీతలుండే 2×2 ట్విల్ నేత వంపులో ఒదుగుతుంది. 3కె పోగుతో, అంటే మూడు వేల సన్నని తంతువుల పోగుతో, నేసిన 200 జీఎస్‌ఎం ట్విల్ మూడు పొరలు చాలు. మధ్య పొరను 45 డిగ్రీల ఏటవాలుగా వేస్తే కవర్ మెలితిరగదు. బోల్టులు వచ్చే చోట రెండు ముక్కలు అదనంగా వేయాలి.

కాల్చడం, బిగించడం

హై టెంపరేచర్ ఎపాక్సీని కొని, గది వేడికి గట్టిపడగానే బండికి తగిలించేవారు డబ్బులు నీళ్లలో పోసినట్టే. రెసిన్ టీజీ మనం కాల్చిన వేడిని మించి పెద్దగా పెరగదు. ఒక రోజు ఆరనిచ్చి, 40 డిగ్రీలతో మొదలుపెట్టి గంటకు 10 నుంచి 15 డిగ్రీల చొప్పున పెంచుతూ, డేటా షీట్ చెప్పిన చివరి మెట్టు దగ్గర చెప్పినన్ని గంటలు ఉంచి, అంతే నెమ్మదిగా చల్లార్చాలి. ఒక్కసారిగా వేడి పెడితే పచ్చి కవర్ సాగిపోతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పౌడర్ కోటింగ్ షెడ్ల ఓవెన్లు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర నడుస్తాయి. వాటిని అడగదలచినవారు చల్లటి ఓవెన్‌లో పెట్టి మెట్లుగా పెంచుతామంటేనే ఇవ్వాలి. వంట చేసుకునే ఓటీజీ ఈ పనికి ఒకసారి వాడితే మళ్లీ వంటకు వాడకూడదు. దాని నాబ్ మీది అంకెను నమ్మకుండా, బండి మీద వాడిన థర్మోకపుల్‌నే లోపల పెట్టి చూసుకోవాలి. ఇంజన్ వేడితోనే కాలిపోతుందిలే అని పచ్చి కవర్ బిగించడం కూడా చూశాను. ఒక కొన మాడి, ఒక కొన పచ్చిగా ఉండిపోయింది.

రుద్దేటప్పుడు, రంధ్రాలు వేసేటప్పుడు వచ్చే నల్ల పొడి ఊపిరితిత్తులకు, చర్మానికి మంచిది కాదు, విద్యుత్తును పారిస్తుంది కనుక స్విచ్ బోర్డులకూ మంచిది కాదు. తడి కాగితంతోనే రుద్దాలి, మంచి మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. ఎపాక్సీ చేతికి పదేపదే అంటితే కొందరికి జీవితాంతం పోని దురద పట్టుకుంటుంది. ఎండకు ఎపాక్సీ పసుపెక్కుతుంది, అందువల్ల చివర యూవీ తట్టుకునే క్లియర్ కోట్ తప్పదు.

బిగించడానికి సైలెన్సర్‌కు రంధ్రం చేయవలసిన అవసరం లేదు. రెండు స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు, వాటి మీద నిలబెట్టిన స్టెయిన్‌లెస్ స్పేసర్లు, ఎం6 బోల్టులు, కవర్ వైపు సిలికోన్ రబ్బరు వాషర్లు చాలు. ఒక కొన బోల్టు రంధ్రం గుండ్రంగా, రెండవ కొనది పొడవుగా సాగదీసినట్టు ఉండాలి. 40 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ సైలెన్సర్ 150 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది, కార్బన్ సాగదు. ఆ మిల్లీమీటరుకు చోటివ్వకపోతే మొదటి పగులు బోల్టు దగ్గరే మొదలవుతుంది. డ్రిల్ చేసిన రంధ్రం లోపలి అంచుకు రెసిన్ పూసి మూయాలి. కవర్ మాత్రమే కనుక సైలెన్సర్ శబ్దం మారదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో సైలెన్సర్ గురించి చెప్పే 120వ నిబంధనతో పేచీ రాదు.

మొదటి వంద కిలోమీటర్ల తరువాత కవర్‌ను ఒకసారి విప్పి లోపలి ముఖం చూడండి. ఎక్కడైనా గోధుమ రంగు తిరిగి ఉంటే ఆ చోట స్పేసర్ ఎత్తు పెంచాలి. ఒకే బిందువు దగ్గర నల్లగా మాడి ఉంటే అది కవర్ తప్పు కాకపోవచ్చు. సైలెన్సర్ జాయింట్ గ్యాస్కెట్ లీకై వేడి పొగ అక్కడ కొడుతున్నదేమో ముందు చూడాలి.